కొరడా చెప్పించిన ‘సమ్మతి’
మూసా బిన్ మైమూన్ వాదంపై ఒక పరిశీలన

దెబ్బలు తిని “సమ్మతమే” అన్న మనిషి నిజంగా సమ్మతించినట్లేనా? యూద ధర్మశాస్త్రం ఈ చిక్కును ఒక కుటుంబ సమస్యలో ఎదుర్కొన్నది. ‘గెట్’ అనే విడాకుల పత్రాన్ని భర్త ఇష్టపూర్వకంగా ఇస్తేనే అది చెల్లుతుంది. భార్యను విడిచిపెట్టవలసిందేనని న్యాయస్థానం తీర్పు చెప్పినా భర్త మొండికేస్తే, సమ్మతమనే వరకు అతన్ని నిర్బంధించవచ్చునని మిష్నా కాలంలోనే పండితులు నిర్ణయించారు.

ఈ రెండు నియమాలకూ పొత్తు కుదిర్చినవాడు మూసా బిన్ మైమూన్ (1138–1204). ‘మిష్నే తోరా’ అనే తన ధర్మసంహితలో ఆయన చేసిన వాదం ఇది: యూదుడుగా ఉండదలచినవాడు దైవాజ్ఞను పాటించాలనే కోరుకుంటాడు, అతన్ని అడ్డగించేది దుష్ట ప్రేరణ. దెబ్బలు ఆ ప్రేరణను అణచగానే అతని అసలు కోరిక నోట పలుకుతుంది.

ఈ వాదం వెనుక ఒక స్త్రీ కష్టం ఉన్నది. గెట్ లేనిదే ఆమెకు పునర్వివాహం లేదు. అది లేకుండా మరొకరితో కాపురం చేస్తే, పుట్టే బిడ్డలు సాధారణ యూదులతో వివాహానికి అనర్హులవుతారు. ఆమెను విడిపించాలన్న తపన మెచ్చదగినదే. కాని మనిషి అంతరంగం అతనికంటె న్యాయస్థానానికే బాగా తెలుసునంటే, ఇక ఆ కొరడాకు హద్దు ఏది?

మూసా బిన్ మైమూన్ స్వయంగా నిర్బంధాన్ని చవిచూసినవాడు. 1148లో ఆయన జన్మస్థలమైన కుర్తుబా మువహ్హిదుల వశమైంది. వారి ఏలుబడిలో యూదులకు, క్రైస్తవులకు మతమార్పిడి ఒత్తిడి తప్పలేదు. ఆయన కుటుంబం ఊరు విడిచి, చివరకు ఈజిప్టు చేరింది. ప్రాణభయంతో షహాదత్ పలికిన యూదుడు తన ధర్మానికి వెలి కాడనీ, వీలు చిక్కగానే ఆ దేశం విడవాలనీ ఆయనదిగా ప్రసిద్ధమైన లేఖ చెబుతున్నది. అక్కడ బలవంతపు మాటకు విలువ లేదు. ఇక్కడ అదే హృదయవాణి! తాము చేయించేది దైవాజ్ఞ గనుక తేడా ఉన్నదని ఆయన పక్షాన అనవచ్చు. మువహ్హిదులు కూడా అదే అనగలరు.

ముస్లిం పాఠకుడు దీన్ని పరాయి తగవుగా చూసి ఊరుకోలేడు. ధర్మంలో నిర్బంధాన్ని ఖుర్ఆన్ (అల్ బఖరా: 256) నిరాకరించినా, మువహ్హిదులు ఇస్లాం పేరిటే ఆ పని చేశారు. బలవంతాన చెప్పించిన తలాఖ్ చెల్లుతుందని హనఫీ ఫిఖ్హ్, చెల్లదని మిగిలిన మూడు సున్నీ మజ్‌హబ్‌లూ అంటాయి.

యూద తత్త్వవేత్త మోజెస్ మెండెల్సన్ 1783లో ‘జెరూసలేం’ గ్రంథంలో గీత గీశాడు: రాజ్యం క్రియలను శాసించవచ్చు, మతానికి బోధ తప్ప దండనాధికారం లేదు. ఈ గీత గెట్ సమస్యకూ దారి చూపుతుంది. ఇస్రాయీల్‌లో 1995 నాటి చట్టం గెట్ నిరాకరించే భర్తను జైలులో పెట్టించే అధికారాన్ని సైతం యూద మత న్యాయస్థానాలకిచ్చింది. భార్యకు జరిగే అన్యాయాన్ని ఆపడానికే ఈ శిక్ష అంటే, అది న్యాయమో కాదో విచారించవచ్చు. ఖైదీ అంతరాత్మే జైలు కోరిందంటే, విచారణకు తావే ఉండదు.