చేతులెత్తని సంఘకూటము



చేతులెత్తించి లెక్కపెట్టకుండ సంఘకార్యములు నడుపుకొను క్రైస్తవులు ఉన్నారనిన మీరు నమ్ముదురా? 17వ శతాబ్దమున ఇంగ్లండులో జార్జి ఫాక్సు బోధవలన బయలుదేరిన క్వేకరులు నేటికిని ఆలాగే చేయుచున్నారు. బొబ్బిలి, టెక్కలి, సోంపేట మొదలగు మన తావులలో పనిచేసినవారు కెనడా బాప్తిస్టు మిషనరీలు. క్వేకరు మిషనరీలు హోషంగాబాదు వైపున పనిచేసిరి.

వారి పద్ధతి యిది. ఊరివారికి నెల కూటము, దానిపైన మూడు నెలల కూటము, ఆపైన సంవత్సర కూటము. సంగతి విన్నవించిన పిమ్మట అందరు మౌనముగా కనిపెట్టుదురు. ఒకరు మాటలాడి కూర్చున్న వెంటనే మరియొకరు లేవరు. కూటము ఎటు మొగ్గుచున్నదో క్లార్కు గ్రహించి, అక్కడికక్కడే మినిట్సు వ్రాసి చదివి వినిపించును. సమ్మతి కుదరనియెడల సంగతి వచ్చే కూటమునకు నిలుచును. ఒక్కడు కాదన్నంత మాత్రమున పని ఆగితీరవలెనని కాదు. ఆ అభ్యంతరమెంత బరువైనదో తూచిచూతురు.

ఇది నాకెంతో నచ్చినది. ఎందుకనగా మన ప్రాంతపు సంఘమొకదానిలో గుడి ప్రహరీ సంగతి రెండు ఓట్లతో నెగ్గుట చూచితిని. లెక్క సరియే. ఓడినవారు క్రిస్మసు వరకు గుడి గడప తొక్కలేదు.

అయితే తొందరపడి మెచ్చుకొనవద్దు. 1688లో అమెరికాలోని జెర్మన్‌టౌనులో నలుగురు క్వేకరులు బానిసలను కొనుట పాపమని కాగితము వ్రాసిరి. నెల కూటము దానిని పై కూటమునకు పంపెను, అది సంవత్సర కూటమునకు పంపెను, అక్కడ అది పడియుండెను. జాన్ వుల్మన్ వంటివారు ఇల్లిల్లు తిరిగి బ్రతిమాలగా 1758లో ఫిలడెల్ఫియా సంవత్సర కూటము కొంత కదలెను. బానిసలను ఉంచుకొనరాదని ఖండితముగా చెప్పినది 1776లో. ఎనుబదియెనిమిది ఏండ్లు! కూటములో ఓపికతో కనిపెట్టినవారు యజమానులు. పొలములో కనిపెట్టిన బానిసను ఎవరును అడుగలేదు.

మన పల్లెలలో ఓటు తీసివేసినయెడల ఏమగును? భూమిగల పెద్ద దగ్గిన దగ్గు కూడ తీర్మానమగును. అతని యింట వడ్లు అప్పు తెచ్చుకొన్న కూలివాడు, ఆ నిశ్శబ్దములో లేచి కాదనగలడా? చీటీ మడిచి పెట్టెలో వేయుటకైతే వానికి ధైర్యము చాలును. అందుచేత కాపరి నియామకము, సొమ్ము సంగతులు చీటీలతోనే జరుగుట మేలని నా తలంపు. ప్రహరీ వంటి వాటికి మాత్రము ఒక నెల ఆగినయెడల నష్టమేమి?

మినిట్సు విషయములో మాత్రము నాకు సందేహము లేదు. మనలో కార్యదర్శి ఇంటికి పోయి తీరికగా వ్రాసి, మరుసటి నెలలో చదువును. నేనట్లు అనలేదని అప్పుడొకడు లేచును. ఆశీర్వాదమునకు ముందే, అందరు చాపలమీద కూర్చుండగానే, వ్రాసి చదువవచ్చును. దీనికి కావలసినది ఒక పుస్తకము, ఒక కలము, పది నిమిషములు.