చాలు అని కూడా రాయాలి

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల గాలి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి మండలాల్లో కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలు ఒక్క పూటలో నేలకొరిగాయి. కరెంటు స్తంభాలు విరిగిపోయాయి, సెల్ టవర్లు మూగబోయాయి. ఉద్దానం గట్టిగా కేకేసి సాయం అడగాల్సిన ఆ మొదటి రోజుల్లో ఉద్దానంలో మోగే ఫోను లేదు.

మరి ఉద్దానం గురించి లోకానికి చెప్పిందెవరు? ఊరు విడిచి వెళ్ళినవాళ్ళు. హైదరాబాద్‌లో భవనాలు కట్టే కూలీలు, గల్ఫ్‌లో వెల్డర్లు, సైన్యంలో ఉన్న కుర్రాళ్ళు, విశాఖలో చదువుకుంటున్న పిల్లలు. మనది వలసల జిల్లా. ఊరి వాట్సాప్ గ్రూపు నడిపేవాడు చాలాచోట్ల ఊళ్ళో ఉండడు. ఇంటికి ఫోను కలవక, అమ్మానాన్నలు ఎలా ఉన్నారో తెలియక, ఆ ఆదుర్దాలోనే వాళ్ళు ఫేస్‌బుక్‌లో, ట్విటర్‌లో రాశారు. టీవీలు మన వైపు చూడటం లేదని కోప్పడ్డారు. ఆ కోపం పనిచేసింది. సినిమా నటులు విరాళాలు ప్రకటించారు, కొందరు స్వయంగా వచ్చారు. ఎక్కడెక్కడి నుంచో లారీలు బయల్దేరాయి.

ఆ రోజుల్లో నేనూ పోస్టులు రాశాను, ఇంకొకరు రాసినవి దిద్దాను, పంచాను. అప్పటి నుంచి నాకొక నమ్మకం కుదిరింది. సాయం అడుగుతూ రాసే నాలుగు వాక్యాలకు పనితనం కావాలి. మంచి మనసు ఉంటే చాలదు, రాయడం తెలియాలి. రాత బాగోలేకపోతే లారీ వేరే ఊరికి పోతుంది.

‘ఉద్దానం ఆకలితో అలమటిస్తోంది, మానవత్వం ఉంటే షేర్ చేయండి’ అనే పోస్టు వేలమంది చేతులు మారుతుంది. చదివినవాడి కళ్ళు చెమరుస్తాయి. కానీ వాడు ఏం చెయ్యాలి? ఎక్కడికి రావాలి? కవిటి వైపు ‘పుట్టుగ’ అని ముగిసే ఊళ్ళెన్ని ఉన్నాయో, తీరం పొడుగునా ‘పేట’లు ఎన్ని ఉన్నాయో, విజయనగరం వైపు ‘వలస’లు ఎన్ని ఉన్నాయో గుంటూరు నుంచి వచ్చే లారీ డ్రైవరుకు తెలియదు. కాబట్టి ఊరి పేరు పక్కన మండలం ఉండాలి. జాతీయ రహదారి మీద ఎక్కడ దిగి ఎటు తిరగాలో ఉండాలి. ఆ దారిలో పడిన చెట్లు తీశారా లేదా అన్నది ఉండాలి. ఎన్ని ఇళ్ళు, ఏం కావాలి, ఎంత కావాలి, ఊళ్ళో ఎవరు అందుకుంటారు, ఈ సంగతి ఏ రోజు ఏ పూట రాశాం. ఇంతే. విశేషణం ఒక్కటి కూడా అక్కర్లేదు.

ఏం కావాలన్నది మనం ఊహించి రాయకూడదు, అడిగి రాయాలి. తిత్లీ తర్వాత పాత బట్టల మూటలు వచ్చిపడ్డాయి. ఒక ఊళ్ళో ఓ పెద్దావిడ ఆ మూట వైపు చూసి, ‘ఈ గుడ్డలేటి సేసుకుంతాం బాబూ, దీపం ఎలిగించుకోడానికి ఏటైనా తెచ్చారేటి?’ అని అడిగింది. ఆమె అడిగింది అక్షరాలా ఆ ఊరి అవసరం. కరెంటు లేక మోటార్లు తిరగవు, మోటారు తిరక్కపోతే ట్యాంకులో నీళ్ళుండవు. అప్పుడు కావలసింది జనరేటరు, దానికి డీజిలు, కొవ్వొత్తులు, టార్పాలిన్లు, దోమల చక్రాలు, దారికి అడ్డంపడ్డ మానుల్ని కోసే మిషన్లు, ఆ మిషను పట్టడం తెలిసిన మనుషులు. వీటిలో ఒక్కటీ ‘షేర్ చేయండి’ అన్న పోస్టులో కనిపించలేదు. అడిగినవాళ్ళు రాసిన పోస్టుల్లోనే కనిపించాయి.

రాయడానికి చెయ్యి రాని మాట ఇంకొకటుంది. ‘చాలు’. మా ఊరికి సరిపడా వచ్చాయి, ఇక మాకు వద్దు, ఇక్కడి నుంచి లోపలికి నాలుగు కిలోమీటర్లలో ఫలానా ఊరికి ఇంకా ఏదీ చేరలేదు, అక్కడికి వెళ్ళండి అని రాయడం. హైవే పక్క ఊళ్ళ దగ్గర లారీలు ఆగిపోతాయి, ఎందుకంటే అక్కడే జనం కనిపిస్తారు, అక్కడే ఫోటో వస్తుంది. సముద్రం ఒడ్డునున్న పేటలకు, కొండ కిందున్న గూడేలకు చేరేసరికి లారీలో ఏమీ మిగలదు. దీన్ని సరిచేయగలిగింది హైవే పక్క ఊరివాడే. తన ఊరికి వస్తున్న సాయాన్ని తనే పక్క ఊరికి మళ్ళించే మనిషి రాసిన ఆ రెండు లైన్లకు నేను ఎంతైనా గౌరవం ఇస్తాను. పాత పోస్టును తీసేయడం కూడా ఇందులో భాగమే. రక్తం కావాలన్న మెసేజి ఏడాది తర్వాత కూడా తిరుగుతూనే ఉంటుంది. కావలసిన రక్తం ఆ రోజే దొరికిపోయి ఉంటుంది. రాసినవాడు తేదీ వెయ్యలేదు, దొరికిందని చెప్పలేదు. నాలుగుసార్లు ఫోను చేసి భంగపడ్డవాడు ఐదోసారి నిజమైన అవసరానికి కూడా కదలడు.

ఆ తర్వాత లెక్క. మన పెళ్ళిళ్ళలో పందిరి పక్కన ఒకాయన చదివింపుల పుస్తకం పట్టుకుని కూర్చుంటాడు. పదకొండు రూపాయలు ఇచ్చినా, పదివేలు ఇచ్చినా పేరు, అంకె రాసుకుంటాడు. ఆన్‌లైన్లో డబ్బు పోగుచేసే ప్రతి కుర్రాడూ ఆ పుస్తకం పెట్టాలి. ఎవరి దగ్గర నుంచి ఎంత వచ్చింది, ఏ షాపులో ఏం కొన్నాం, బిల్లు ఫోటో, మిగిలింది ఎంత, అది ఎవరి ఖాతాలో ఉంది. సాయం అడిగిన పోస్టును వేయిమంది చూస్తే లెక్క చెప్పిన పోస్టును యాభైమంది చూస్తారు. అయినా రాయాలి. ఆ యాభైమందే మళ్ళీ తుఫాను వచ్చినప్పుడు ముందుగా ఫోను చేసేది. విదేశాల్లో ఉన్నవాళ్ళ డబ్బు విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. భారత పాస్‌పోర్టు ఉన్న మన గల్ఫ్ కార్మికుడు తన బ్యాంకు ఖాతా నుంచి పంపే డబ్బును చట్టం విదేశీ విరాళంగా లెక్కెయ్యదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న మన బంధువు పంపేది మాత్రం విదేశీ విరాళమే. అలాంటిది తీసుకోవాలంటే సంస్థకు కేంద్ర హోం శాఖ అనుమతి ఉండాలి. ఊరి యువజన సంఘాలు తెలియక చిక్కుల్లో పడేది ఇక్కడే.

ఇప్పుడు నన్ను చాలా కాలంగా బాధపెడుతున్న విషయానికి వస్తాను. 2018 సెప్టెంబరులో, తిత్లీకి నెల ముందు, సాలూరు కొండల్లో నిండు గర్భిణిని డోలీ కట్టి మోసుకొస్తుంటే దారిలోనే కాన్పయింది. వెంట ఉన్న యువకుడు అదంతా ఫోనులో తీశాడు. ఆ వీడియో దేశమంతా చూసింది. కొండ మీది ఊళ్ళకు రోడ్డు లేదన్న సంగతి దశాబ్దాలుగా వినతిపత్రాల్లో ఉన్నదే. అయినా వినతిపత్రం చెయ్యని పని ఆ వీడియో చేసింది. నెలలు నిండుతున్న గిరిజన మహిళలు ముందుగానే వచ్చి ఉండేందుకు గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ సాలూరులో వసతి గృహం కూడా నడిపింది. ఇదంతా నిజమే. ఆ యువకుణ్ణి నేను తప్పుపట్టను, తన వాళ్ళ కష్టాన్నే తీశాడు. కానీ ఆ తర్వాత దాన్ని పంచిన మనమంతా ఒక స్త్రీ కాన్పు దృశ్యాన్ని ఆమెను అడగకుండా లక్షల ఫోన్లలో పెట్టాం. మన ఇంటి ఆడపిల్ల అయితే పెట్టేవాళ్ళమా? డోలీ మోస్తున్న భుజాలు చూపిస్తే చాలు. రాళ్ళదారి చూపిస్తే చాలు. ఎన్ని కిలోమీటర్లు నడిచారో, రోడ్డు ఏ ఊరి దగ్గర ఆగిపోయిందో రాస్తే చాలు. ముఖం, పేరు అక్కర్లేదు.

2020 ఏప్రిల్‌లో గుజరాత్‌లోని వెరావల్ రేవులో చిక్కుకున్న మన మత్స్యకారుల వీడియోలు దీనికి పూర్తిగా భిన్నం. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ తీరాల నుంచి ఏటా అక్కడికి వేటకు పోతారు. లాక్‌డౌన్‌తో బోట్లలోనే ఇరుక్కుపోయారు. వాళ్ళు తమ ఫోన్లను తమ వైపే తిప్పుకుని, ఎక్కడున్నారో, ఎంతమంది ఉన్నారో, తిండి నీళ్ళ సంగతేమిటో, తమను ఇంటికి చేర్చమని తమ యాసలోనే చెప్పారు. ఆ వీడియోలు మన తీరంలోని మత్స్యకారుల ఊళ్ళకు చేరాయి, అక్కడి నుంచి అమరావతికి చేరాయి. ఏప్రిల్ చివర్లో నాలుగు వేలమందికి పైగా బస్సుల్లో ఇంటిముఖం పట్టారు. అడిగినవాళ్ళూ వాళ్ళే, కనిపించినవాళ్ళూ వాళ్ళే. ఎవరి కష్టం వాళ్ళ నోటితో చెప్పించగలిగితే మనం చెయ్యాల్సింది ఆ గొంతును సరైన చెవి దాకా మోయడమే. అదే ఏడాది ఆగస్టులో సాలూరు మండలం కొదమ పంచాయతీ గిరిజనులు తలా కొంత చందాలు వేసుకుని కొండ మీద తామే రోడ్డు వేసుకున్నారు. సోనూ సూద్ ట్విటర్‌లో మెచ్చుకున్నాక దేశానికి తెలిసింది. రోడ్డు వేసినవాళ్ళు మాత్రం ట్వీటు కోసం వెయ్యలేదు.

ఇవన్నీ అత్యవసరాలు. నాలుగు రోజుల్లో తేలిపోయే పనులకు వాట్సాప్ బాగుంటుంది. ఏళ్ళ తరబడి సాగే పనులకు అది పనికిరాదని నా అభిప్రాయం. సోంపేట బీల సంగతి చూడండి. థర్మల్ విద్యుత్ కేంద్రం కోసం ఆ చిత్తడి నేలలు ఇవ్వబోమని రైతులు, మత్స్యకారులు లేచారు. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ కేంద్రానికిచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. ఆ రద్దు వెనక ఉన్నది కాగితాలు. ఆ నేలను బంజరని చూపించిన రికార్డు, అది బంజరు కాదని చెప్పే నీళ్ళు, చేపలు, పంటలు, పక్షుల వివరాలు. కేంద్ర ప్రభుత్వంలో కార్యదర్శిగా పనిచేసి రిటైరైన ఈ.ఏ.ఎస్. శర్మగారు విశాఖ నుంచి అధికారులకు రాసే లేఖలు ఇలాంటి పనికి మంచి పాఠం. తేదీ, జీవో, చట్టం సెక్షను, అడుగుతున్నదేమిటి. రాసిన లేఖను నలుగురికీ చూపిస్తారు. పదేళ్ళ తర్వాత వెతికినా దొరికే రాత అది.

ఈ ‘వెతికితే దొరకడం’ కోసమే నాకు బ్లాగులంటే ఇష్టం. 2006 ప్రాంతంలో కూడలి, ఆ వెనకే జల్లెడ లాంటి సైట్లు తెలుగు బ్లాగులన్నిటినీ ఒకచోట చూపించేవి. ఆ రోజుల్లో రాసినవాళ్ళు రాసి ఊరుకోలేదు. ఈతెలుగు పేరుతో సంఘం పెట్టి, పుస్తక ప్రదర్శనల్లో స్టాలు వేసుకుని కంప్యూటర్లో తెలుగు రాయడం జనానికి నేర్పారు. మహిళా బ్లాగర్లు ప్రమదావనం అనే గుంపుగా కలిసి సేవా కార్యక్రమాలు చేశారు. ఇప్పుడు ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి అలాంటి ఓపికైన రాత కావాలి. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి వచ్చింది, హిరమండలం నుంచి తాగునీరు తెచ్చారు. జబ్బుకు ఫలానాదే కారణమని మాత్రం ఇంకా తేలలేదు. కానీ మన గ్రూపుల్లో వారానికో కారణం, నెలకో ఆకుపసరు తిరుగుతుంటాయి. ‘ఇంకా తేలలేదు’ అని రాయడానికి ధైర్యం కావాలి. ఏ ఊరి నుంచి డయాలసిస్‌కు ఎంత దూరం పోతున్నారు, బస్సు ఏ వేళకుంది, ఏ మందు బయట కొనాల్సి వస్తోంది, ఇవి ఊరూరా రాసిపెట్టే కుర్రాళ్ళు పదిమంది ఉంటే వైద్యులకూ అధికారులకూ ఉపయోగపడుతుంది.

ఈ ఓపిక మనకు కొత్తేమీ కాదు. కాళీపట్నం రామారావు మాస్టారు 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో కథానిలయం మొదలుపెట్టారు. ఇంటర్నెట్టు ఇక్కడికి సరిగ్గా రాకముందే ఆయన ఉత్తరాలు రాసి, పాత పత్రికల కోసం ఊళ్ళు తిరిగి, తెలుగు కథలన్నీ ఒక కప్పు కింద చేర్చే పనికి పూనుకున్నారు. అడిగిందేమిటో స్పష్టంగా అడిగారు, అందినదాన్ని జాబితాకెక్కించారు. ఆయన 2021 జూన్ 4న వెళ్ళిపోయారు. ఆ జాబితా, స్కాన్ చేసిన ఎన్నో కథలు ఇవాళ కథానిలయం వెబ్‌సైట్లో ఉన్నాయి, అమెరికాలో కూర్చున్నవాడూ చదువుకుంటున్నాడు. ఎక్కడెక్కడి వారో తలో చెయ్యి వేస్తేనే అది సాధ్యమైంది. అటక మీద పాత పత్రికల కట్ట ఉన్న ఇల్లు ఏదైనా ఈ సేవలో చేరవచ్చు.

మన తీరానికి అక్టోబరు, నవంబరు అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. 2014లో హుద్‌హుద్ అక్టోబరు 12న వచ్చింది, తిత్లీ 11న. ఊరి గ్రూపు నడిపే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ఈ వారమే ఒక పని చెయ్యండి. మీ ఊరి పేరు, మండలం, హైవే మలుపు, ఇళ్ళ లెక్క, జనరేటరు ఎవరింట్లో ఉంది, చెట్లు కోసే మిషను ఎవరి దగ్గరుంది, నెలలు నిండిన ఆడవాళ్ళు, డయాలసిస్‌కు వెళ్ళేవాళ్ళు ఎందరు, ఊళ్ళో ఫోన్లు పనిచేయకపోతే బయట ఎవరు మాట్లాడాలి, ఇవన్నీ రాయండి. రోగుల పేర్లు గ్రూపులో పెట్టకండి, ఆశా కార్యకర్త దగ్గర ఉంచండి. ఒక కాపీ కాగితం మీద కూడా రాసి పంచాయతీ ఆఫీసులో ఇవ్వండి. మరో కాపీ పక్క ఊరి గ్రూపుకు పంపండి.