భిక్షుణి ఎవరికి గురువు?

హిమాలయాల్లోని బౌద్ధ భిక్షుణీ మఠాలకు వెళ్ళొచ్చినవాళ్ళు రాసే రాతలు దాదాపు ఒకే తీరుగా ఉంటాయి. మంచు, ముదురెరుపు వస్త్రాలు, గుండు చేయించుకున్న తలలు, వెన్న కలిపిన టీ, చివర్న ప్రశాంతత. ఆ భిక్షుణి ఏం చదువుతోంది, ఎవరి దగ్గర చదువుతోంది, చదివాక ఎవరికి చెప్పగలుగుతుంది అన్నవి మాత్రం ఆ రాతల్లో కనపడవు. నెల్లూరు సముద్రతీరపు దళితవాడల్లో పంచశీల, అంబేద్కర్ జయంతి, రాత్రిబడి అనుకుంటూ తిరిగే మాకు ఇది చిన్న లోపమని అనిపించడం లేదు.

ఈ తరహా రాతల్లో బాగా పేరొచ్చినది విక్కీ మెకంజీ 1998లో ప్రచురించిన 'కేవ్ ఇన్ ద స్నో'. ఇది టెన్జిన్ పాల్మో జీవితకథ. ఆమె 1943లో ఇంగ్లండులో పుట్టింది. తండ్రి లండన్‌లో చేపలమ్మేవాడు. 1964లో ఇండియాకొచ్చి సన్యాసం పుచ్చుకుంది. లాహుల్‌లో 13,200 అడుగుల ఎత్తున, పదడుగుల పొడవూ ఆరడుగుల వెడల్పూ ఉన్న గుహలో 1976 నుంచి 1988 దాకా ఒంటరిగా సాధన చేసింది. ఆడజన్మలోనే బుద్ధత్వం పొందుతానని ప్రతిజ్ఞ పట్టింది.

పుస్తకం చదివినవాళ్ళందరికీ గుర్తుండేది గుహే. మాకు ముఖ్యమనిపించింది మాత్రం అంతకుముందరి డల్హౌసీ రోజుల భాగం. అక్కడి మఠంలో వందమంది దాకా భిక్షువులు, వాళ్ళ మధ్య ఆమె ఒక్కతే భిక్షుణి. ఆడదన్న ఒక్క కారణంతో ఆమెకు వాళ్ళతో సమానంగా చదువు చెప్పలేదు. మెకంజీ ఈ సంగతిని దాచలేదు, సూటిగానే చెప్పింది. కానీ కథను నడిపిన తీరులో ఈ అవమానం గుహకు పోయే దారిలో ఒక మజిలీగా మిగిలిపోయింది. పాఠం చెప్పనన్న వ్యవస్థను నిలదీయాల్సిన చోట, ఆ వ్యవస్థను ఒంటరిగా దాటిపోయిన వీరవనిత కథ తయారైంది. మేం దీన్ని తిరగేసి చదవాలంటాం. 2000లో కాంగ్రా లోయలో ఆమె మొదలుపెట్టిన డోంగ్యు గాత్సల్ లింగ్ మఠం ఈ జీవితానికి అసలు అర్థం. హిమాలయ ప్రాంతపు ఆడపిల్లలు అక్కడ తత్వశాస్త్రం చదువుతున్నారు, వాదం నేర్చుకుంటున్నారు. కొండెక్కి వెళ్ళేవాళ్ళు చూడాల్సింది ఆ తరగతి గదిని.

ఒంటరితనం గురించి ఇంకో మాట. ఇసకపల్లి ఉప్పు కొఠార్లలోనో, రొయ్యల గుంటల మీదో పనిచేసి ఒంటిగది ఇంటికి చేరే ఆడమనిషికి ఒంటరిగా కూర్చోడానికి చోటేది? వదులుకోడానికి ఉన్నదేంది? ఏమీ లేనివాళ్ళకు త్యాగం బోధించడం ఎవరికి లాభమో మనకు తెలుసు. అయితే బౌద్ధంలో భిక్షుణి కథ త్యాగంతోనే మొదలవలేదు. 'థేరీగాథ'లోని పున్న నీళ్ళు మోసే దాసి. చలిలో వణుకుతూ నదిలో మునకలేస్తున్న బ్రాహ్మణుణ్ణి పట్టుకుని, నీళ్ళకే పాపం పోయేటట్టయితే నీళ్ళలో పుట్టి పెరిగే జీవాల సంగతేమిటని వాదించి ఓడించింది. మడి పేరుతో, బావి పేరుతో తరతరాలుగా నీళ్ళకు దూరంగా నిలబెట్టిన జనానికి ఈ వాదం ఎంత దగ్గరిదో వేరే చెప్పక్కర్లేదు. ఆమె వదిలింది సంపద కాదు, పరాయి ఇంటి కడవ.

కానీ ఇక్కడే ఆగి మురిసిపోతే అది విమర్శ అనిపించుకోదు. వినయ నియమాల ప్రకారం దాస్యంలో ఉన్నవాళ్ళకు సంఘ ప్రవేశం లేదు. యజమాని అనాథపిండికుడు విముక్తి ఇచ్చాకే పున్న భిక్షుణి కాగలిగిందని వ్యాఖ్యానం చెబుతుంది. అంటే సంఘం గడప దాకా యజమాని చెయ్యి చాచే ఉంది. లోపలికి పోయాక ఎనిమిది గరుధమ్మాలున్నాయి. నూరేళ్ళ అనుభవమున్న భిక్షుణి కూడా ఆరోజే దీక్ష పుచ్చుకున్న భిక్షువుకు లేచి దణ్ణం పెట్టాలన్నది వాటిలో మొదటిది.

అంబేద్కర్ ఈ ప్రశ్నను తప్పించుకోలేదు. హిందూ స్త్రీ ఉత్థాన పతనాలపై 1951లో 'మహాబోధి' పత్రికలో రాసిన వ్యాసంలో, స్త్రీల పతనానికి బుద్ధుడే కారణమన్న ఆరోపణను ఖండించాడు. స్త్రీకి సన్యాసం ఇవ్వడమంటే బ్రాహ్మణీయం నిరాకరించిన జ్ఞానాధికారాన్ని ఇవ్వడమేనన్నాడు. భిక్షుణులను భిక్షువుల కింద ఉంచడం తక్కువచూపు వల్ల కాదు, కొత్తగా వచ్చినవాళ్ళకు శిక్షణ కావాల్సివచ్చింది గనక అని సమర్థించాడు. 'బుద్ధుడు–ఆయన ధమ్మం'లో ప్రజాపతి గౌతమితోపాటు చండాలిక ప్రకృతి దీక్షకు కూడా చోటిచ్చాడు. ఈ వాదంలో మొదటి సగం మనకు ఆయుధం. రెండో సగాన్ని మాత్రం ఆయన తర్కంతోనే ముందుకు తీసుకుపోవాలి. శిక్షణ కోసమే అయితే, శిక్షణ పూర్తయ్యాక ఆ ఏర్పాటు ఎందుకుండాలి? ఎన్ని వందల ఏళ్ళకు శిక్షణ పూర్తయినట్టు?

మన నేలమీదే దీనికి కొంత జవాబుంది. అమరావతి శాసనాల్లో దానాలిచ్చిన భిక్షుణుల పేర్లు చాలా ఉన్నాయి. శిష్యురాళ్ళను తయారుచేసిన ఉపాధ్యాయిని ప్రస్తావన కూడా ఉంది. అక్కడే విధికుడనే చర్మకారుడు తల్లితో, భార్యతో, కూతుళ్ళతో కలిసి పూర్ణఘటం చెక్కిన రాతిపలకను దానం చేశాడు. అతని తండ్రి నాగుడు ఉపాధ్యాయుడు. ఆనాటి చర్మకారుణ్ణి నేటి కులంతో నేరుగా ముడిపెట్టలేం. అయినా తోలుపని చేసేవాడి తండ్రి గురువుగా, ఆడమనిషి ఉపాధ్యాయినిగా రాతిమీదికెక్కిన కాలం ఒకటుందని విద్యార్థులకు చెప్పాలి. అమరావతిని రాజుల, శిల్పుల ఘనతగానే చెప్పే పాఠాలు దీన్ని మింగేస్తున్నాయి.

టిబెటన్ సంప్రదాయంలో గెషెమా పట్టా మొదటిసారి 20 మంది భిక్షుణులకు దక్కింది 2016లో. ఇచ్చింది హిమాలయాల్లో కూడా కాదు, పక్కనున్న కర్ణాటకలోని ముండ్‌గోడ్‌లో. పురుషులు శతాబ్దాలుగా అందుకుంటున్న గెషె పట్టాకు ఇది సమానమైనది. అంత ఆలస్యమెందుకైందో అడగని యాత్రారచన ఎంత అందంగా ఉన్నా మనకు అక్కరకు రాదు.

ఈ ప్రశ్న మనదాకా కూడా రావాలి. అమెరికన్ బాప్టిస్టు మిషన్ 1840లో నెల్లూరొచ్చింది. తర్వాత బైబిలు స్త్రీలు ఊరూరా కాలినడకన తిరిగి బోధించారు. వేదిక మాత్రం చాలాకాలం అయ్యగారిదే. నేడు మేం చూస్తున్న బౌద్ధ సభల్లోనూ ఎక్కువగా పంచశీల చెప్పించేది మగవాళ్ళు, పూలూ అన్నాలూ చూసేది ఆడవాళ్ళు. మతం మారినా పని పంపకం మారకపోతే దీక్ష సగమే జరిగినట్టు. ఇదే జిల్లా మెట్టప్రాంతంలోని దూబగుంటలో అక్షరాలు నేర్చుకోడానికి కూర్చున్న ఆడవాళ్ళు సారా వ్యతిరేక ఉద్యమాన్ని లేపారు. 1993 ఏప్రిల్‌లో జిల్లాలో, అక్టోబర్‌లో రాష్ట్రమంతటా సారా నిషేధం తెప్పించారు. వాళ్ళకు ఏ మఠమూ పట్టా ఇవ్వలేదు. చదువు చేతికొస్తే మాట చెల్లుబాటవుతుందని వాళ్ళే చూపించారు.

కాబట్టి కొండల్లోని మఠానికి వెళ్ళేవాళ్ళు వెళ్ళండి. పాఠం ఎవరు చెబుతున్నారో చూసి రాయండి. తిరిగొచ్చి మీ వాడలో వచ్చే పున్నమికి పంచశీల చెప్పించే పని ఒక ఆడమనిషికి అప్పజెప్పండి. ఆమె అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పడానికి సిద్ధపడండి.