గింజను తిట్టే వంట, గింజను మొక్కే వంట

గింజలే రోగాలకు మూలమని ఒక వంట. గింజలే మందని ఇంకో వంట. కొన్నేళ్లుగా తెలుగు ఇళ్లలో ఈ రెండూ పక్కపక్క పొయ్యిల మీద ఉడుకుతున్నాయి. షుగర్ వచ్చిన తండ్రి రాత్రే కొర్రలు నానబెట్టుకుంటాడు. బరువు తగ్గాలనుకున్న కొడుకు క్యాలీఫ్లవర్ తురుముకుంటాడు. ఇద్దరికీ కూర వండాల్సిన ఇల్లాలు మధ్యలో తల పట్టుకుంటుంది. ఏ సిద్ధాంతం గొప్పదన్న వాదన చాలానే జరిగింది. ఆ ఇల్లాలి వైపు నుంచి, అంటే గిన్నె వైపు నుంచి, ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడడం ఇప్పుడు అవసరం. అందుకు నేను గీటురాయిగా పెట్టుకున్నది కృష్ణా తుంగభద్రల మధ్య నడిగడ్డ ఇంటి వంట. వడ్డేపల్లి, అయిజ, అలంపూర్ వైపు జొన్న రొట్టె, పుంటికూర, చేపల పులుసు తిని పెరిగినవాళ్ల వంట.

మొదటి వంట పేరు పేలియో. వాల్టర్ వోగ్ట్‌లిన్ అనే అమెరికన్ వైద్యుడు 1975లో రాతియుగపు తిండి మీద పుస్తకం రాశాడు. 1985లో ఈటన్, కానర్ అనే ఇద్దరు ఒక పెద్ద వైద్య పత్రికలో దానికి శాస్త్రపు పునాది వేశారు. 2002లో లోరెన్ కార్డెయిన్ పుస్తకంతో అది ఇంటింటి మాటయింది. వ్యవసాయం పుట్టకముందు మనిషి ఏం తిన్నాడో అదే తినాలన్నది దాని వాదం. కాబట్టి మాంసం, చేప, గుడ్డు, కూరగాయ, పండు, బాదం లాంటి గింజపప్పులు ఉంటాయి. బియ్యం, గోధుమ, జొన్న, పప్పులు, పాలు, చక్కెర ఉండవు. పల్లీ కూడా పప్పుజాతి కనుక అదీ పోతుంది. కార్డెయిన్ అయితే ఉప్పు కూడా వద్దంటాడు. తమిళంలో నియాండర్ సెల్వన్ దీన్ని తమిళుల ఇంటి వంటకు మలిచి, నెయ్యికి, పాల పదార్థాలకు చోటిచ్చి, శాకాహారులకు పొద్దున 100 బాదం గింజలు చెప్పి, పుస్తకంగా తెచ్చారు. తెలుగులో నేరుగా పేలియో పేరుతో అంత ప్రచారం జరగలేదు. దానికి దగ్గరి చుట్టమైన వీరమాచనేని రామకృష్ణ గారి పద్ధతి మాత్రం 2017, 18 ప్రాంతంలో ఊరూరా పాకింది. రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్లు, రెండు విటమిన్ మాత్రలు. ఈ లెక్క అప్పట్లో నోటికి రాని ఇల్లు తక్కువ.

రెండో వంట ఖాదర్ వలీ గారిది. ప్రొద్దుటూరులో పుట్టి, మైసూరులో స్థిరపడి, 2023లో పద్మశ్రీ అందుకున్నారాయన. కొర్రలు, అండుకొర్రలు, సామలు, అరికెలు, ఊదలు అనే ఐదింటిని సిరిధాన్యాలని పిలిచి, గంటల తరబడి నానబెట్టి వండుకోమన్నారు. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించడం కూడా ఆ ఊపుకు తోడైంది.

వంటగా చూస్తే రెండో పద్ధతి గెలుపు చాలా సులువుగా అర్థమవుతుంది. అది పళ్లెం ఆకారాన్ని మార్చదు. బియ్యం ఉన్న చోట కొర్రలు వచ్చాయి, మిగతా అంతా మామూలే. అదే పప్పు, అదే పచ్చిపులుసు, అదే కలుపుకునే చెయ్యి. నడిగడ్డలో కొర్ర బువ్వ కొత్త కూడా కాదు. రాజోలిబండ (ఆర్డీఎస్) కాలువ నీళ్లు పారిన చోట వరి వచ్చింది. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చాక మెట్ట ఊళ్లలోనూ జొన్న రొట్టె, కొర్ర బువ్వ పక్కకు జరిగాయి. తాతలు తిన్నదాన్నే మనవలు డాక్టరు చీటీలా మళ్లీ పట్టుకున్నారు.

పేలియో వంట అలా కుదరదు. అది అన్నాన్ని తీసేస్తుంది. అన్నం తీసేస్తే ఏమవుతుందో ఆ వంటకాలు పంచుకునేవాళ్లలో చాలామంది ఆలోచించడం లేదు. మన కూర ఒంటరిగా తినడానికి పుట్టలేదు. ముద్దెడు అన్నానికి లేదా రొట్టె ముక్కకు ఉప్పు, కారం, పులుపు అందించడం దాని పని. అందుకే గరిటెడు కూరలో పది ముద్దలకు సరిపడా ఉప్పు కారం ఉంటాయి. నడిగడ్డ కారం సంగతి చెప్పనక్కర్లేదు. అలాంటి కూరను గిన్నెడు తినమంటే నోరు మండుతుంది, కడుపు మండుతుంది, ఒంట్లోకి ఉప్పు మూడింతలు పోతుంది. బీపీ ఉన్నవాడికి అది మేలుకన్నా కీడే. కాబట్టి ఈ పద్ధతికి ఇంటి వంటను మార్చడమంటే అన్నానికి బదులేదో వెతకడం కాదు, కూరను మార్చడం. ఉప్పు కారాలు సగానికి తగ్గాలి. చింతపండు తగ్గాలి. కూరగాయ ముక్క పెద్దది కావాలి, ఎక్కువ కావాలి. పులుసు గంజిలా తాగేంత తేలిక కావాలి. ఈ ఒక్క సంగతి చెప్పని వంటకం ఎంత అందంగా రాసినా అసంపూర్తిదే.

దానికి బదులు ఎక్కువగా పంచుకుంటున్నవి నకలు వంటలు. క్యాలీఫ్లవర్ అన్నం, బాదం పిండి రొట్టె, గుడ్డు దోశ. వీటిలో క్యాలీఫ్లవర్ అన్నాన్ని నేను కొంతవరకు ఒప్పుకుంటాను. తురిమిన పువ్వును వెడల్పాటి మూకుడులో, చుక్క నీరు పోయకుండా, మూత పెట్టకుండా పెద్ద మంట మీద నాలుగైదు నిమిషాలు వేయించి, ఉప్పు చివర్లో చల్లితే పలుకుగా ఉంటుంది. ముందే ఉప్పేస్తే నీరు వదిలి ముద్దవుతుంది. పులిహోర పోపు దానికి బాగా నప్పుతుంది. పప్పుచారు మాత్రం కలిపామా, అది అన్నం కాదని మొదటి ముద్దకే తెలిసిపోతుంది.

బాదం రొట్టె సంగతి వేరు. జొన్న రొట్టె చేసే చెయ్యిని దగ్గర నుంచి చూడండి. మరిగే నీళ్లు పిండిలో పోస్తారు. ఆ వేడికి జొన్నలోని పిండిపదార్థం జిగురు పడుతుంది. గోధుమలో ఉండే సాగే గుణం జొన్నలో లేకపోయినా ఆ జిగురే రొట్టెను పట్టి ఉంచుతుంది. అరచేతి మడమతో బాగా మదిస్తారు, పీట మీద తడుతూ తిప్పుతారు, పెనం మీద వేశాక పైన నీళ్లు తడుపుతారు. బాదం పిండిలో ఆ పిండిపదార్థం నామమాత్రం, ఎక్కువగా ఉన్నది కొవ్వు, మాంసకృత్తులు. మరుగుతున్న నీళ్లు పోసినా అది ఇసుకలాగే ఉంటుంది. నిలబెట్టాలంటే గుడ్డో ఇసబ్గోలో కలపాలి. అప్పుడు వచ్చేది ఒక రకం అట్టు, రొట్టె కాదు. అట్టు అని పేరు పెట్టి, గుడ్డు ఎక్కువ కలిపి, ఉల్లిగడ్డ, కొత్తిమీర వేసి తింటే రుచిగానే ఉంటుంది. రొట్టె అని పేరు పెట్టినప్పుడే నిరాశ. పైగా కిలో బాదం ధరకు ఒక ఇల్లు నెలకు సరిపడా కొర్రలు కొనుక్కోవచ్చు. 2025 ఉగాది నుంచి రేషన్ కార్డు మీద సన్నబియ్యం ఉచితంగా అందుతున్న ఇంటికి ఈ రొట్టె చెప్పేముందు ఆ తేడా కూడా చెప్పడం ధర్మం.

మరి నడిగడ్డ వంటలో ఈ పద్ధతికి నప్పేవి లేవా అంటే, బోలెడున్నాయి. పాశ్చాత్య పేలియో వంటశాల ఎముకల రసాన్ని ప్యాకెట్లలో, సీసాల్లో అమ్ముతోంది. మన దగ్గర అది యాట కాళ్ల పులుసు. కాళ్లను మంట మీద కాల్చి, గీకి, కడిగి, మిరియాలు, అల్లం, ఉల్లిగడ్డ వేసి సన్నని మంట మీద ఎముక మెత్తబడేదాకా ఉడికిస్తారు. కారం తగ్గించుకుంటే చాలు, ఇంకేమీ మార్చనక్కర్లేదు. తలకాయ కూర, బోటి, కార్జం కూడా అంతే. అవయవ మాంసం తినమని పేలియో పుస్తకాలు అక్కడివాళ్లను బతిమాలతాయి, ఇక్కడ ఆ అవసరం రాదు. జూరాల దగ్గర చేపలు ఉన్నాయి, తుంగభద్ర చేపలు ఉన్నాయి. వేపుడు మీద మొక్కజొన్న పిండో శనగపిండో పట్టించకుండా ఉప్పు, పసుపు, కారం, నిమ్మరసంతో పెనం మీద కాల్చుకుంటే సరి. పుంటికూర మాంసం, గంగవాయిలి కూర, పొన్నగంటి కూర, సొరకాయ, బీరకాయ ఏ నియమాన్నీ మీరవు. శాకాహారికి మాత్రం ఇక్కడ కష్టమే. పప్పు, పెరుగు రెండూ తీసేస్తే పళ్లెం బోసిపోతుంది. ఆ విషయంలో కార్డెయిన్ కన్నా నెయ్యీ పాలూ ఒప్పుకున్న సెల్వన్ మార్పే మన ఇంటికి దగ్గర.

పల్లీ దగ్గర మాత్రం నిజమైన చిక్కు వస్తుంది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ఎర్ర చెలకల్లో పండే పంట అది. ఇక్కడి పొడి, పచ్చడి, గుత్తి వంకాయ, ఇంటి నూనె దాని మీదే నిలబడ్డాయి. పేలియో దాన్ని పప్పుజాతి అని తోసేస్తుంది. వంట వైపు నుంచి దీనికి జవాబు మన దగ్గరే ఉంది: నువ్వులు, కుడుక (ఎండు కొబ్బరి). గుత్తి వంకాయకు పల్లీలు మానేసి, నువ్వులు, తురిమిన కుడుక సమానంగా తీసుకోండి. నువ్వులు చిటపటలాడగానే దించాలి, రంగు ముదిరితే చేదెక్కుతాయి. కుడుక విడిగా, ఇంకా తక్కువ సేపు వేయించాలి. ఎండుమిర్చి, ధనియాలు, వెల్లుల్లి, కొంచెం చింతపండుతో నూరి వంకాయల్లో కూరితే పల్లీ లేని లోటు తెలియదు. ఇది నకలు కాదు, పల్లీ పక్కన ఎప్పుడూ ఉన్న దినుసులకే పెద్దరికం ఇవ్వడం. అయినా, వందకు 25 గ్రాముల మాంసకృత్తులున్న పల్లీని కేవలం జాతి చూసి వెలివేసి, సముద్రాల అవతలి బాదానికి పీట వేయడం పాలమూరు ఇంటికి తగిన సలహా అని నేను అనుకోను.

కొర్రల పక్షం కూడా విమర్శకు అతీతం కాదు. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ వెలువరించిన పాత పట్టికల ప్రకారం వంద గ్రాముల కొర్రల్లో పిండిపదార్థం సుమారు 61 గ్రాములు, మాంసకృత్తులు 12. బియ్యంలో అవి 78, 7. కొర్ర మేలైన గింజే, కానీ అది గింజే. మందు కదా అని రెండు పళ్లాలు తింటే చక్కెర పెరగక మానదు. ఈ వంటల్లోనూ నకళ్లు బయలుదేరాయి. కొర్ర కేకులు, బెల్లం పాకం పట్టిన కొర్ర లడ్లు, తళతళలాడే పాలిష్ కొర్రలు. తవుడు పొర పోగొట్టాక దాని గొప్ప చాలావరకు పోతుంది.

రెండు పక్షాలూ పూర్వీకుల మీదే ప్రమాణం చేస్తాయి కాబట్టి పూర్వీకుల పొయ్యి కూడా చూడాలి. ఇది దూరం వెళ్లక్కర్లేని సంగతి. నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ గుట్టల మీది చెంచులు నిన్నమొన్నటిదాకా అడవిలో ఏరుకుని, వేటాడి బతికినవాళ్లు. వాళ్ల మీద మానవశాస్త్రజ్ఞుడు హైమెండార్ఫ్ 1943లో వెలువరించిన పుస్తకంలో కనిపించే తిండి గడ్డలు, పండ్లు, తేనె, ఇప్ప పువ్వు. వేట మాంసం రోజూ దొరికేది కాదు. అటవీ సరుకు ఇచ్చి కింది ఊళ్ల నుంచి గింజలు తెచ్చుకునేవాళ్లు. పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరు బూడిద దిబ్బను 1957లో పురావస్తు శాస్త్రజ్ఞుడు ఆల్చిన్ తవ్వాడు. అది నాలుగు వేల ఏళ్లకు పైబడిన పశుల దొడ్డి. అటువంటి దక్కన్ ఊళ్లలో దొరికిన మాడిన గింజల్లో అండుకొర్ర, ఉలవ, పెసర ఉన్నాయని పురావృక్ష శాస్త్రజ్ఞుడు డోరియన్ ఫుల్లర్ చూపించాడు. ఇంకా వెనక్కి వెళ్తే, ఇటలీలో 30 వేల ఏళ్ల నాటి రాళ్ల మీద పిండి నూరిన ఆనవాళ్లు దొరికాయి. రాతియుగమంటే గింజ లేని యుగమన్న మాట నిలబడదు. అండుకొర్ర వయసు గొప్పదన్న ఖాదర్ వలీ పక్షపు మాటకు ఆధారం ఉంది. అంత మాత్రాన అది మందైపోదు. ఏ తిండైనా పాతది కనుక మంచిదనడం రెండు పక్షాలూ చేస్తున్న ఒకే పొరపాటు.

నా తీర్పు ఇది. రోజూ తినే ఇంటి తిండిగా కొర్ర, జొన్న, పల్లీ, ఉలవ ఉన్న పాత నడిగడ్డ పళ్లెమే మేలు, దానిలో అన్నం తగ్గి కూర పెరిగితే ఇంకా మేలు. కొన్నాళ్లు గింజ మానాల్సినవాళ్లకు కాళ్ల పులుసు, చేప, పుంటికూర మాంసం, నువ్వుల వంకాయ చాలు. బాదం రొట్టె అక్కర్లేదు. షుగర్ మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లు, మూత్రపిండాల జబ్బున్నవాళ్లు డాక్టరును అడగకుండా అన్నం ఒక్కసారిగా మానకూడదు. మందు అలాగే ఉండి అన్నం పోతే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు.

వంటకాలు పంచుకునేవాళ్లకు ఒక విన్నపం. ఉప్పు ఎంతో, కారం ఎంతో చెంచాల్లో రాయండి. ఆ కూర అన్నంతో తినడానికా, ఉత్తగా తినడానికా అన్నది మొదటి వరుసలోనే చెప్పండి. వడ్డేపల్లిలోనో అయిజలోనో దొరకని దినుసుంటే దాని బదులు ఏం వేయాలో కూడా రాయండి.