‘స్ట్రీట్ ఫైటర్’ పరంపర: పోటీ అభ్యాసకుని ఎంపిక – విమర్శనాత్మక పరిశీలన

వ్యాస సంగ్రహం:
ఒకే పేరుతో అనేక రూపాలలో వెలువడిన ఫైటింగ్ గేమ్‌ను పోటీ దృష్టితో నేర్చుకోదలచిన అభ్యాసకుడు ఏ రూపాన్ని ఎంచుకోవాలి అన్నది ఈ వ్యాసంలోని చర్చనీయాంశం. జపాన్‌కు చెందిన క్యాప్‌కామ్ సంస్థ రూపొందించిన ‘స్ట్రీట్ ఫైటర్’ పరంపరను ఆధారంగా తీసుకొని, ఆట నాణ్యత ఒక్కటే ఈ ఎంపికను నిర్ణయించలేదనీ, నియమాల స్థిరత్వం, సమవుజ్జీ ప్రత్యర్థుల లభ్యత అనే రెండు అంశాలు దానిని శాసిస్తాయనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: ఫైటింగ్ గేమ్, పాఠాంతరం, పారీ, ప్యాచ్, అభ్యాసం.

1. ఉపోద్ఘాతం:
కావ్యాన్ని చదవదలచినవారు మంచి పరిష్కృత ప్రతిని సంపాదించుకుంటే చాలు, ఒంటరిగా చదువుకోవచ్చు. పోటీ ఆటకు ఆ వీలు లేదు. ఎదుట మరొక మనిషి కూర్చుంటేనే అది ఆట అవుతుంది. ‘స్ట్రీట్ ఫైటర్ 2’ 1991లో ఆర్కేడ్‌లకు వచ్చింది. 1992లో ‘ఛాంపియన్ ఎడిషన్’ ఇద్దరు ఆటగాళ్లూ ఒకే పాత్రను ఎంచుకొనే వీలు కల్పించింది. అదే ఏడాది ‘హైపర్ ఫైటింగ్’ వేగాన్ని పెంచింది. 1993లో ‘సూపర్’ నాలుగు కొత్త పాత్రలను చేర్చగా, 1994లో ‘సూపర్ టర్బో’ సూపర్ కాంబోలను ప్రవేశపెట్టింది. ఇవన్నీ ఒకే గ్రంథానికి పాఠాంతరాల వంటివి. అయితే ఒక పాఠంలో ఏళ్ల తరబడి సాధించిన నైపుణ్యం మరొక పాఠంలో యథాతథంగా చెల్లదు. అందువల్ల ఈ ఎంపికలో అభ్యాసకుడు పణంగా పెడుతున్నది తన కాలాన్నే.

2. సవరించిన పాఠం:
లోపాలు తక్కువగా ఉన్న రూపాన్నే నేర్చుకోవాలన్నది తొలుత తోచే సమాధానం. ‘సూపర్ టర్బో’లో లోపాలకు కొదవ లేదు. అకుమా పాత్ర మిగిలినవారిని ఎంతగానో మించిపోవడంతో పోటీలలో దానిని నిషేధించారు. 2008లో డేవిడ్ సిర్లిన్ పర్యవేక్షణలో ‘హెచ్‌డి రీమిక్స్’ అనే సవరించిన రూపం వెలువడింది. బలహీన పాత్రలకు బలం చేకూరింది. కఠినమైన కొన్ని విద్యల లీవర్ కదలికలు సులభమయ్యాయి. ఈ రూపం కొంతకాలం ప్రధాన టోర్నమెంటులలోనూ స్థానం పొందింది. అయినా ‘సూపర్ టర్బో’ పోటీలు నేటికీ 1994 నాటి ఆర్కేడ్ రూపంతోనే సాగుతున్నాయి. మూలపాఠం చుట్టూ పేరుకున్న అనుభవాన్నీ, దానిని ఆడే సమూహాన్నీ సవరణ తనతో తీసుకురాలేకపోయింది. సమతౌల్యం ఆటకు గుణమే కానీ, అభ్యాసకునికి అది చాలదు.

3. ఒక ఫైర్‌బాల్‌కు మూడు జవాబులు:
రూపాల మధ్య భేదాన్ని గ్రహించడానికి ఒక్క సన్నివేశం చాలు: ప్రత్యర్థి దూరం నుండి ఫైర్‌బాల్ విసిరాడు. ‘సూపర్ టర్బో’లో అది మైదానాన్ని ఏలే ఆయుధం. ఎదుటివాడు దానిని అడ్డుకుంటూ, సరైన క్షణం చూసి పైనుండి దూకుతూ, అడుగు అడుగుగా చోటు సంపాదించుకోవాలి. ఓర్పు, దూరాల అంచనా ఇక్కడ ప్రధాన విద్యలు.

1999 నాటి ‘థర్డ్ స్ట్రైక్’లో పారీ ఉంది. దెబ్బ తగలబోయే క్షణంలో లీవర్‌ను ప్రత్యర్థి వైపుకు తట్టాలి. కాళ్లపైకి వచ్చే దెబ్బకు కిందికి తట్టాలి. మామూలుగా అడ్డుకోవడానికి లీవర్‌ను వెనక్కి పట్టాలి. అంటే పారీ చేయదలచినవాడు రక్షణను విడిచి, దెబ్బకు ఎదురు వెళ్లాలి. 2004 నాటి ఇవో టోర్నమెంటులో ఉమెహారా డైగో ఆడుతున్న కెన్‌కు, అడ్డుకున్నా ఓడిపోయేంత స్వల్పంగా ప్రాణబలం మిగిలింది. జస్టిన్ వాంగ్ చున్-లీతో సంధించిన 15 దెబ్బల సూపర్‌ను అతడు వరుసగా పారీ చేసి ఆ పందెం గెలిచాడు. ఆ టోర్నమెంటు విజేత మాత్రం అతడు కాదు. ఫలితం కన్నా ఆ సాహసమే ఆట స్వభావానికి చిహ్నంగా నిలిచింది.

2023 నాటి ‘స్ట్రీట్ ఫైటర్ 6’లోనూ పారీ ఉంది; అర్థం మాత్రం వేరు. బటన్లను నొక్కి పట్టుకుంటే చాలు, అది దెబ్బలను స్వీకరిస్తుంది. పట్టి ఉంచినంతసేపూ డ్రైవ్ గేజ్ తరుగుతుంది. ఆ స్థితిలో ఉన్నవాడిని ప్రత్యర్థి త్రో చేస్తే నష్టం మరింత ఎక్కువ. ఇక్కడ ఫైర్‌బాల్‌కు జవాబు వనరుల వినియోగంలో ఉంది. మూడు ఆటలూ మూడు వేర్వేరు మనస్తత్వాలను కోరుతున్నాయి.

4. స్థిరత్వం, సాంగత్యం:
పాత ఆట నియమాలు మారవు. ‘థర్డ్ స్ట్రైక్’లో 1999లో నేర్చిన సత్యం నేటికీ సత్యమే. అయితే లోపాలు కూడా అలాగే స్థిరపడిపోయాయి. చున్-లీ, యున్, కెన్‌ల ఆధిక్యం అందుకు నిదర్శనం. కొత్త ఆటలో ప్యాచ్‌లు నియమాలను మారుస్తూనే ఉంటాయి. 2024 మే నెలలో అకుమా చేరికతో పాటు పాత్రల బలాబలాలలో విస్తృతమైన సవరణలు జరిగాయి. కష్టపడి సాధించిన కాంబో ఒక్క సవరణతో నిరుపయోగం కావచ్చు.

ప్రత్యర్థుల విషయంలో పరిస్థితి తారుమారు అవుతుంది. టోనీ క్యానన్ రూపొందించిన జీజీపీవో వంటి రోల్‌బ్యాక్ విధానాలు దూరదేశాల వారితో పాత ఆటలు ఆడడాన్ని సుసాధ్యం చేశాయి. కానీ అక్కడ ఎదురయ్యేవారిలో అనేకులు దశాబ్దాల అనుభవజ్ఞులు. వారి చేతిలో ఓడిన కొత్తవాడికి తాను ఎందుకు ఓడాడో కూడా అర్థం కాదు. ‘స్ట్రీట్ ఫైటర్ 6’లో శ్రేణులవారీగా ప్రత్యర్థులు లభిస్తారు, ‘మోడర్న్’ నియంత్రణ విధానం చేతి కష్టాన్ని తగ్గిస్తుంది. క్యాప్‌కామ్ కప్ విజేతకు 10 లక్షల డాలర్ల బహుమతిని ప్రకటించడం పోటీదారులను ఇటు ఆకర్షించింది.

5. ముగింపు:
తన తప్పును తాను గుర్తించగలిగే ఓటమే అభ్యాసకునికి పాఠం చెబుతుంది. అటువంటి ఓటమి సమవుజ్జీ ప్రత్యర్థి వద్దనే దొరుకుతుంది. కనుక పోటీ దృష్టి గల కొత్త అభ్యాసకుడు ‘స్ట్రీట్ ఫైటర్ 6’తో ప్రారంభించడం సమంజసం. అందులో అలవడే దూరాల అంచనా, గాలిలోకి దూకినవాడిని నిలువరించే ఒడుపు, ఎదుటివాడి అలవాట్లను చదివే దృష్టి పాత ఆటలకూ వెంట వస్తాయి. పారీ చేసే సహజ స్పందన మాత్రం రాదు, దానిని మళ్లీ మొదటినుండి నేర్వాలి. ఈ భేదం తెలిసినవాడికి ‘థర్డ్ స్ట్రైక్’ తరువాతి దశలో సార్థకమైన గమ్యం. ఏ రూపం ఉత్తమమన్న ప్రశ్నకు ఆట రూపకల్పనను పరిశీలించి సమాధానం చెప్పవచ్చు. ఏ రూపాన్ని నేర్వాలన్న ప్రశ్నకు ఆడేవారిని కూడా పరిగణనలోకి తీసుకోవాలి. ఫైటింగ్ గేమ్‌ల విమర్శ ఈ రెండు ప్రశ్నలనూ వేరుచేసి చూడవలసి ఉంది.