ఎలుకకి తగ్గిందట!

మంగళవారం పొద్దున్నే మా బావమరిది ఫోను. ‘బావా, షుగరుకి కొత్త మాత్రట. ఎలుకలకి భేషుగ్గా తగ్గిపోయిందట, పేపర్లో వేశాడు!’ ఆయనకి పదేళ్లుగా షుగరు, ఆశ సహజం. ఒళ్లు మండింది నాకే. ఈ కాలమ్ చదివేవాళ్లకి నా పాత గొడవ తెలిసిందే: ఏ ఎలుక, ఏం తింది, ఎంత మోతాదు, ఎన్నాళ్లు? ఈ నాలుగూ చెప్పని వార్త వార్తే కాదు.

‘ఏం తినిపించారట?’ అన్నాను. ‘పంచదారేమో’ అన్నాడు.

ఆ మాటతో ఎం.ఫార్మసీ రోజుల నాటి యానిమల్ హౌస్ కళ్లముందుకొచ్చింది. నీళ్ల సీసాలో నూటికి పది పాళ్లు ఫ్రక్టోజు కలిపేవాళ్లం. ఎలుకలు మేత తగ్గించి మరీ సీసా మూతికి అతుక్కుపోయేవి. కొన్ని వారాలకి ట్రైగ్లిజరైడ్లు పెరిగేవి. ఒంట్లో ఇన్సులిన్ ఉన్నా కండలు దాని మాట వినేవి కావు. ఆ మొండితనం దించే మందుకే పరీక్ష. రోజూ తూకం వేసి, కిలోకి ఇన్ని మిల్లీగ్రాములని లెక్కకట్టి, కొసన గుండ్రటి పూస ఉన్న సూదితో తిన్నగా పొట్టలోకి పోయాలి. గుప్పిట్లో ఎలుక గుండె టకటకా కొట్టుకునేది. తోక కొసన చిన్న గాటు, ఒక్క చుక్క నెత్తురు. ఇక స్ట్రెప్టోజోటోసిన్ ఇచ్చి షుగరు తెప్పించిన బోనులైతే, పొద్దున పరిచిన ఊక సాయంత్రానికే తడిసి ముద్ద. మార్చేది నేనే కనక, ఎవరికి షుగరు వచ్చిందో మీటరు కంటే ముందు నా ముక్కుకి తెలిసేది.

‘ఎలుక మనిషి కాదయ్యా’ అని మొదలుపెట్టబోయి ఆగాను. రాగాగ్లిటజార్ గుర్తొచ్చింది. హైదరాబాద్‌లో డాక్టర్ రెడ్డీస్ పరిశోధకులు కనిపెట్టిన మందు. ఎలుకల్లో షుగరూ కొవ్వూ రెండూ దించింది. డెన్మార్క్ కంపెనీ నోవో నార్డిస్క్ తీసుకుని మనుషుల మీద పరీక్షల దాకా వెళ్లింది. 2002 జులైలో ఆపేశారు. ఎలుకల మూత్రాశయంలో కణుతులు కనిపించాయి మరి. ఎలుక మంచి కబురు చెబితే ఫోన్లు చేసుకుంటాం, చెడ్డ కబురు చెబితే ‘ఎలుకేగా’ అంటాం. నా పాత గొడవలో ఈ ముక్క లేనేలేదు.

అదే కోవకి చెందిన పియోగ్లిటజోన్‌తోనూ మగ ఎలుకల్లో అలాంటి కణుతులే కనిపించాయి. మన దేశంలో 2013 జూన్‌లో అమ్మకం ఆపి, జులై చివర్లో మూత్రాశయ క్యాన్సర్ హెచ్చరికతో మళ్లీ అనుమతించారు.

‘నీ మాత్రల అట్ట తిప్పి చదువు’ అన్నాను. కళ్లద్దాలు తెచ్చుకుని కూడబలుక్కుని చదివాడు. పియోగ్లిటజోన్ ఉంది. మీరూ ఓసారి చూడండి. ఉంటే సొంతంగా మానేయకండి, డాక్టరుగారినే అడగండి.