తప్పు గాలిదేనా?

వైశాఖంలో సాయంత్రం గాలిదుమారం లేస్తే జగిత్యాల, కోరుట్ల రైతుల ప్రాణం మామిడి తోటల చుట్టే తిరుగుతుంది. నాకు మాత్రం సగం కట్టి ఆపేసిన వంతెనలు గుర్తొస్తాయి. ఏ వంతెన దగ్గరికి పోయినా కిందికి దిగి, గర్డర్లు దేనిమీద కూర్చున్నాయో, ఒకదానికొకటి ఎట్లా కట్టి ఉన్నాయో చూడటం నా అలవాటు.

సిరిసిల్లను ఆనుకొని పారే మానేరే దిగువన పెద్దపల్లి జిల్లా ఓడేడు దగ్గరికి చేరుతుంది. అక్కడ 2016లో మొదలై అప్పటికీ పూర్తికాని వంతెన గర్డర్లు 2024 ఏప్రిల్ 22 రాత్రి కూలిపోయాయి. అంతకు కాసేపటి ముందే పెళ్లివారి బస్సు ఒకటి వాటి కిందినుంచి దాటిపోయిందని వార్తల్లో చదివి ఒళ్లు జలదరించింది. ఈదురుగాలికి పడ్డాయన్నారు. ఆ జవాబు నాకు మింగుడుపడలేదు.

లెక్క వేసి చూద్దాం. 30 మీటర్ల పొడవు, 2 మీటర్ల ఎత్తు ఉన్న కాంక్రీటు గర్డర్ బరువు సుమారు 60 టన్నులు. గంటకు 108 కిలోమీటర్ల గాలి దాని పక్కను మహా అయితే ఆరేడు టన్నుల బలంతో నెడుతుంది. గాలి వేగం రెట్టింపైతే ఆ బలం నాలుగింతలవుతుంది, నిజమే. కానీ బేరింగుల మీద నిటారుగా కూర్చొని, పక్క గర్డర్లతో అడ్డదూలాలతో కలిసిపోయి, పైన స్లాబు పడ్డ గర్డర్‌ను మన ఈదురుగాలి కదిలించలేదు. ఆ మూడూ పూర్తికాక ముందు అది అంచు మీద నిలబెట్టిన పలకే. అడుగున ఆధారం కాస్త వంగినా చాలు, మిగతా పని దాని బరువే చేస్తుంది. అందుకే గర్డర్ ఎక్కించిన రోజే తాత్కాలికంగానైనా కట్టివేయాలి.

తీగలకు వేలాడే పొడవాటి వంతెనల సంగతి వేరు. అమెరికాలో టకోమా వంతెనను 1940 జూలై 1న తెరిచారు. అదే ఏడాది నవంబర్ 7న, గంటకు 68 కిలోమీటర్లు దాటని గాలికి మెలికలు తిరిగి తెగిపడింది. అక్కడ గాలి ఊరికే నెట్టలేదు. సన్నని రోడ్డుపలక మెలి తిరిగిన ప్రతిసారీ గాలి పట్టు మారి, ఆ మెలికకే కొత్త శక్తినిచ్చింది. దీన్నే ఇంజనీర్లు ఫ్లటర్ అంటారు. అప్పటినుంచి పెద్ద వంతెనల నమూనాలను గాలి సొరంగాల్లో పరీక్షించడం రివాజైంది. 2023లో తెరిచిన కరీంనగర్ తీగల వంతెన లాంటి వాటికి ఈ శాస్త్రం తప్పనిసరి. ఓడేడు లాంటి వాటికి కావలసింది గట్టి కట్టు, ఆగని పని.

బిల్లులు ఆగి పని నిలిచినా గాలి ఆగదు. స్లాబు పడని ప్రతి వంతెన గర్డర్లనూ వేసవికి ముందే తనిఖీ చేసి కట్టివేయండి. అప్పటిదాకా వాటి కింది బాటను మూసి, జనానికి వేరే దారి చూపించండి.